చెంప మారిన చెక్క

పిల్లాడి డైపర్ల పెట్టె కోసం గరాజులోకి వెళ్లిన షెల్బీ కాలికి దుప్పటి కింద ఏదో తగిలింది. ఎత్తి చూసింది.

తుపాకీ చెక్క. భుజానికి ఆనించే వెనకభాగం అప్పటికే సగం రూపు దిద్దుకుంది. పాత తుపాకులకి ఇలాంటి కొత్త చెక్కలు చేసి బిగించడం కోల్టర్‌కి సరదా. డార్బీ ఊళ్లో సగంమంది అతను చేసిన వాటితోనే ఎల్కు దుప్పుల వేటకి వెళ్తారు.

కానీ ఇది ఖరీదైన వాల్‌నట్ కర్ర. మామగారు దాచి ఇచ్చిపోయిన దుంగ. 'మన పిల్లాడి మొదటి తుపాకీకి తప్ప దీన్ని ముట్టను' అని కోల్టరే అన్నాడు. ఇప్పుడు ముట్టడమేంటి, కోసేశాడు కూడా.

ఇంకోటి కూడా కనిపించింది. చెంప ఆనడానికి చెక్కకి ఓ పక్క కాస్త ఉబ్బు వదులుతారు. కుడిభుజానికి పెట్టేవాళ్లకి అది ఎడమపక్క ఉంటుంది. దీనికి కుడిపక్క ఉంది.

ఎవరో ఎడమచేతివాటం మనిషి.

"ఇదెవరిది?" అని అడిగింది, కోల్టర్ రాగానే.

"ఏది?"

"దుప్పటి కప్పుకుని పడుకుందే, అది."

"ఓ అదా... బ్యూట్ ఊళ్లో ఒకతను అడిగాడు."

"కొలతలకి ఎప్పుడొచ్చాడు?"

"ఫోన్లో చెప్పాడు."

ఫోన్లో కొలతలా! మనిషిని గరాజులో నిలబెట్టి, పదిసార్లు తుపాకీ ఎత్తించి, చెంప ఎక్కడ ఆనుతుందో చూసి గానీ ఆకురాయి పట్టడు ఈయన. ఫోన్లో కొలతలు చెబుతామన్న వాళ్లని 'పళ్లు కూడా ఫోన్లోనే కట్టించుకో' అని వెక్కిరించేవాడు.

అతను స్నానానికి వెళ్లగానే ఆ చెక్కని, కోల్టర్ కుడిభుజానికి పెట్టే సొంత తుపాకీ పక్కన పెట్టి చూసింది. పొడుగు వెంట్రుకవాసి తేడా లేదు. అంటే ఆ మనిషి చేతులు కోల్టర్ చేతులంత పొడుగు.

ఈ ఊళ్లో ఎడమచేతివాటం ఉండి, అంత పొడుగున్నది ఒక్కరే. దాణా కొట్లో పనిచేసే రెనే. మొగుడితో తెగతెంపులై ఏడాది కాలేదు.

మర్నాడు మరిది బూన్ జింక మాంసం సాసేజీలు పట్టుకొచ్చాడు.

"వదినా, అన్న బండికేమైంది? రెనే బండిలో ఊరేగుతున్నాడు?"

"ఎక్కడ?"

"మిజూలా పట్నం రోడ్డులో. నేను పెట్రోలు బంకు దగ్గర నిలబడి చెయ్యి ఊపాను. నావైపే మొహం పెట్టి, ఎవడో దారినపోయేవాణ్ణి చూసినట్టు వెళ్లిపోయాడు. తమ్ముణ్ణని కూడా లేదు!"

షెల్బీ మొహం చూసి బూన్ సాసేజీలు బల్ల మీద పెట్టేశాడు. "నేనేం అన్లేదు తల్లీ. నేనసలు రాలేదనుకో."

రాత్రి భోజనాల దగ్గర అడిగింది. "మిజూలా వెళ్లావా?"

"లేదే."

అంటూనే కప్పులో పోయాల్సిన కాఫీ బల్ల మీద పోశాడు.

"ధ్యాస ఎక్కడుంది కోల్టర్?"

"ఇక్కడే ఉంది."

తల ఎత్తలేదు. కుర్చీలో కూర్చున్న పిల్లాడు చేతులు చాచి 'డా డా' అంటున్నా పట్టించుకోలేదు. వారం నుంచి తను నడిపే దుంగల లారీ కూడా ఎక్కడం లేదు. పని లేదట. వేట రోజులు దగ్గర పడుతుంటే పగలంతా గరాజే.

ఇంతకుముందు తుపాకీ గొట్టానికి మసి పూసి చెక్కలో కూర్చోబెట్టేవాడు. మసి అంటిన మిట్టల్ని కంటితో చూసి గీరేవాడు. ఇప్పుడు అలా కాదు. ఒక్కోచోటా వేళ్లతో తడుముతున్నాడు, నెమ్మదిగా, ఎవరి చెంపో నిమిరినట్టు. కిటికీలోంచి అది చూసిన షెల్బీకి ఒళ్లు మండిపోయింది.

షెల్బీ నాన్న ఇలాగే ఇల్లొదిలి పోయాడు. ముందు అబద్ధాలు, తర్వాత ఇంకొకరి బండి, తర్వాత ఖాళీ కుర్చీ. తమ్ముళ్లని సాకడానికి షెల్బీ పదో తరగతితో బడి మానేసింది. తన కొడుక్కి ఆ గతి పట్టనివ్వదు.

పిల్లాణ్ణి చంకనేసుకుని తిన్నగా దాణా కొట్టుకి వెళ్లింది. రెనే ఎడమచేత్తో బస్తా ఈడుస్తోంది.

"మా ఆయన నీకు తుపాకీ చేస్తున్నాడట కదా. ఎందాకా వచ్చింది?"

రెనే బస్తా వదిలేసింది. "నాకా? ఎవరన్నారు?"

"మిజూలాలో ఏం చేస్తున్నారు మీరిద్దరూ?"

రెనే పిల్లాణ్ణి చూసి గొంతు తగ్గించింది. "అది కోల్టరే చెప్పాలి షెల్బీ. నేను మాటిచ్చాను."

"మాటలు కూడా ఇచ్చుకున్నారన్నమాట!"

"ఇంటికెళ్లు. వెళ్లి అతన్నే అడుగు. అరవకుండా అడుగు."

అరవకుండా! ఎంత పొగరు!

ఇల్లు చేరేసరికి పిల్లాడు నిద్రపోయాడు. ఉయ్యాల్లో పడుకోబెట్టి గరాజులోకి వెళ్లింది. రేడియో మోగుతోంది. అవిసె నూనె వాసన. చెక్కకి గొట్టం బిగించేశాడు కోల్టర్, నిగనిగలాడుతోంది. బల్ల మీది సుత్తి అందుకుంది షెల్బీ. అడగడాలూ లేవు, వినడాలూ లేవు. ఆ చెక్కని రెండు ముక్కలు చేస్తేగానీ కడుపుమంట చల్లారదు.

రేడియో హోరులో ఆమె అడుగులు అతనికి వినపడలేదు. కుడిపక్కగా వచ్చి, మూరెడు దూరంలో నిలబడి సుత్తి ఎత్తింది.

అప్పుడే కోల్టర్ తుపాకీ లేపాడు. ఎడమభుజానికి ఆనించాడు. ఎడమచెంప ఆ ఉబ్బు మీద వాల్చాడు. అతని ఒంటికే కొలిచి కోసినట్టు అతికిపోయింది చెక్క.

ఎడమకంటితో గోడ మీది మేకుకి గురి చూస్తున్న అతని కుడికన్ను బార్లా తెరిచే ఉంది, ఆ కంటి పక్కనే లేచిన సుత్తికి గానీ, దాన్ని పట్టుకున్న పెళ్లానికి గానీ ఒక్కసారైనా రెప్ప వేయలేదు.