అడుగున ఖాళీ గీత

"చరిత్రలో ఇదే రోజు ఏం కనిపెట్టారు నాన్నా?" అంది ఆస్పత్రి మంచం మీది కూతురు.

సైన్సు మాస్టారు బడిలోలాగే వార్డు బోర్డు మీద రాశారు. ఒక తోకచుక్క, ఒక టీకా. అడుగున గీత గీసి ఖాళీగా వదిలేశారు.

"ఆ గీతెందుకు?"

"ఇంకా కనిపెట్టనిదాని కోసం. క్లాసులో పిల్లల్ని ఊరించడానికి వదుల్తానులే."

పిల్ల కాసేపు గీతవంకే చూసింది. "అయితే నా జబ్బుకి మందు అక్కడుందన్నమాట."

పొద్దున డాక్టరు చెప్పిన మాట కూతురికెలా చెప్పాలా అని నలిగిపోతున్న మనిషికి, తానే చెప్పేసినట్టు అప్పుడర్థమైంది.

జ్వరం ఎంతుందో రాయడానికి నర్సు వచ్చింది. "కింద ఖాళీయేగా మాస్టారూ, గీత తుడిచెయ్యనా?"



"ఉంచక్కా," అంది కూతురు. "రేపు నాన్న మళ్లీ గీయలేరు."