కంపెనీ మనిషి

తలుపు చప్పుడు వినగానే ఇంటావిడ పరుగున వెళ్ళి తీసింది.

గుమ్మంలో ఒకతను నిలబడి ఉన్నాడు. మోకాళ్ళదాకా బురద, మాసిన గడ్డం.

"పెరట్లోకి వెళ్ళి ఓసారి చూడొచ్చా అమ్మా?"

"హమ్మయ్య, ఇప్పటికి తెల్లారిందా మీకు?"

అతను బిత్తరపోయాడు.

"పొద్దుట్నుంచీ ఫోన్ చేసి చేసి నా వేళ్ళు అరిగిపోయాయి. మా మనిషి వస్తాడు, మా మనిషి వస్తాడు అనడమే గానీ వచ్చిందెక్కడ? పాలసీ అంటగట్టేటప్పుడు మాత్రం ఇంటి చుట్టూ కాలుకాలిన పిల్లుల్లా తిరుగుతారు!"

"అమ్మా, నేను కంపెనీ..."

"కంపెనీ నుంచే అని తెలుస్తూనే ఉందయ్యా. ముందు లోపలికి రా."

ఆమె కంగారుకి కారణం ఉంది. రాత్రి వీచిన పెనుగాలికి ఎక్కడివో రెండు ఆకుపచ్చ రేకులు ఎగిరొచ్చి వెనక గది కప్పుమీద పడ్డాయి. సిమెంటు రేకుల్ని బద్దలుకొట్టి పెరట్లోకి దొర్లాయి. ఆ గదిలోనే ఆమె మామగారు మంచంలో ఉన్నాడు. ఉబ్బసం మనిషి, కాస్త కదిలిస్తే చాలు ఊపిరి అందదు. సాయంత్రానికి పెద్ద వాన ఉందని రేడియో చెబుతోంది. ఊళ్ళో సగం కప్పులు లేచిపోయాక పనివాళ్ళెవరు దొరుకుతారు? ఇంటాయనకి స్టూలెక్కినా కళ్ళు తిరుగుతాయి.

అతను పెరట్లోకి వచ్చి ఆకుపచ్చ రేకుల దగ్గర ఆగిపోయాడు. వంగి ఒకదాన్ని చేత్తో తడిమాడు.

"చూడాల్సింది అవి కాదయ్యా, పైన!" అంటూ ఇంటాయన నిచ్చెన తెచ్చి వేశాడు.

అతను రేకు వదిలి లేచాడు. నిచ్చెనెక్కి కన్నంలోంచి లోపలికి చూశాడు. చాలాసేపు అలాగే చూశాడు.

దిగేటప్పటికి మొహం వాడిపోయి ఉంది.

"పెద్దాయన్ని వేరే గదిలోకి మార్చలేరా అమ్మా?"

"మార్చగలిగితే నీకోసం కళ్ళు కాయలు కాచేలా ఎందుకు ఎదురుచూస్తాం?"

"ఇప్పుడే వస్తా" అని వెళ్ళిపోయాడు.

"ఇక వచ్చినట్టే!" అందామె మూతి తిప్పుతూ.

కానీ వచ్చాడు. భుజాన పెద్ద టార్పాలిన్, చేతిలో నీలం తాడు.

అతను పైన కడుతుంటే, ఇంటాయన నేలమీద నిలబడి నిచ్చెన పట్టుకుని పెత్తనం చేశాడు. "ఆ మూల వదులుగా ఉంది, ఇంకాస్త లాగు!" అతను ఇంకాస్త లాగి కట్టాడు.

కిందికొచ్చాక కందిపోయిన అరచేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. నసుగుతూ అడిగాడు.

"ఆ రెండు రేకులూ పట్టుకెళ్ళనా అమ్మా? అవి..."

"బాగుందయ్యా! ఇంత చేశావో లేదో, అప్పుడే పాతసామాను మీద కన్నుపడిందా?" ఇంటావిడ రేకులకు అడ్డంగా నిలబడింది. "ఇవి పడబట్టే మా కప్పు పోయింది. క్లెయిముకి ఇవే సాక్ష్యం. మీ పెద్దాఫీసరు వచ్చి చూసేదాకా పుల్ల కూడా కదపొద్దని మీవాళ్ళే కదా చెప్పారు? ముట్టుకున్నావంటే ఫోన్ చేసి చెప్తా."

అతను రేకులకేసి చూశాడు. విరిగిన కప్పుకేసి చూశాడు.

"నిజమేనమ్మా. ఇవి పడబట్టే" అన్నాడు మెల్లగా.

తల వంచుకుని వెళ్ళిపోయాడు.

చీకటి పడకుండానే వాన అందుకుంది. కుంభవృష్టి. వెనక గదిలో మాత్రం చుక్క పడలేదు.

"ఆ అబ్బాయికి టీ అయినా ఇచ్చావా అమ్మాయ్?" అని అడిగాడు ముసలాయన.

"అతనికి కంపెనీ జీతమిస్తుంది మామయ్యా."

"పైనుంచి నన్ను చూసి, చలేస్తోందా పెద్దాయనా అని అడిగాడే."

ఆమె దుప్పటి సర్దింది.

మర్నాడు పొద్దున మోటారు సైకిలు మీద ఒకాయన దిగాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో కెమెరా.

"ఇన్సూరెన్స్ కంపెనీ సర్వేయర్నండి. నిన్న రావాల్సింది, ఎక్కడికక్కడ చెట్లు పడిపోయి రాలేకపోయాను."

"పర్వాలేదులెండి. నిన్న మీ మనిషి వచ్చి టార్పాలిన్ కట్టి వెళ్ళాడుగా" అన్నాడు ఇంటాయన.

"మా మనిషా? మేం టార్పాలిన్లు కట్టమండీ. నాకంటే ముందు ఎవరినీ పంపలేదు."

మొగుడూ పెళ్ళాం మొహమొహాలు చూసుకున్నారు.

సర్వేయర్ పెరడంతా తిరిగి ఫొటోలు తీసుకున్నాడు. "గాలి నష్టమే, సందేహం లేదు. మీ క్లెయిముకి ఢోకా లేదు" అన్నాడు.

"ఈ ఆకుపచ్చ రేకులు భద్రంగా ఉంచామండీ, సాక్ష్యం కోసం" అందామె.

"ఇవి నాకక్కర్లేదమ్మా, విరిగిన మీ కప్పు చాలు. పాపం ఎవరి ఇంటివో, వాళ్ళకిచ్చెయ్యండి." అతను కెమెరా ఆమె చేతికిచ్చాడు. "మీ ఆయన నిచ్చెన ఎక్కరట కదా, నాకు మోకాలు దెబ్బతింది. మీరెక్కి, ఆ టార్పాలిన్ ఒక మూల ఎత్తి లోపల ఒక్క ఫొటో తీస్తారా?"

ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని నిచ్చెనెక్కింది.

అంత ఎత్తునుంచి వెనక సందు చూడటం ఆమెకిదే మొదలు. ప్రహరీగోడ అవతల ఒంటిగది ఇల్లు. పైన కప్పు లేదు. అంచున మేకులకి పట్టుకుని ఒకే ఒక్క ఆకుపచ్చ రేకు ఊగుతోంది. లోపల పరుపు నీళ్ళలో నానుతోంది.



"ఈ ఇంట్లోవాళ్ళేరి?" అని సందులో బురద ఊడుస్తున్న ముసలమ్మని కేకేసి అడిగింది.

"ఆలుమగలిద్దరూ రాత్రంతా వానలో తడిశారమ్మా. తెల్లారగానే మిగిలిన నాలుగు గిన్నెలూ మూటగట్టుకుని ఎటో వెళ్ళిపోయారు."

"మరి... గాలికి కప్పు పోయాక, పైన ఏమీ కప్పుకోలేదా?"

ముసలమ్మ జవాబు చెప్పేలోపే ఇంటావిడకి కనబడింది: ఆ మొండిగోడల నాలుగు మూలలా, కోసేసిన నీలం తాడు ముక్కలు ఇంకా ముడులతోనే వేలాడుతున్నాయి.