మరాఠీలో చెప్పిన జవాబు

“చిన్నప్పుడు మిమ్మల్ని ఎవరన్న గదిల పెట్టి తాళం ఏసిండ్రా?”

డాక్టర్ గీతిక తెలుగులో అడిగేసరికి, నలభై దాటిన తిరుమలేష్ ముఖం తేటపడింది.

“ఏసిండ్రు. మస్తుసార్లు.”

గీతిక పాత కాగితం తీసి చూసింది. జవాబులు నిలకడగా ఉంటాయో లేదో తెలుసుకోవడానికి, మహారాష్ట్ర చంద్రపూర్‌లోని ఆ మానసిక వైద్యశాలలో రెండు వారాలాగి అవే ప్రశ్నలు మళ్లీ అడుగుతున్నారు.

“పోయినసారి వేరే డాక్టర్ అడిగితే లేదన్నరు. జవాబు మారింది,” అంటూ తిరుమలేష్ పక్కనే కూర్చున్న అతని అన్న బాపురావు వైపు చూసింది. “ఈయన చెప్పేది నమ్మలేమని రాయాల్సి వస్తది.”

ఆమె రాయడం మొదలుపెట్టింది.

“ఆగుండ్రి మేడం. వాడు మాట మార్చలే. అప్పుడు గూడ ఏసిండ్రనే అన్నడు. ఆ డాక్టర్‌కు తెలుగు రాదు. నేనే మరాఠీల లేదని చెప్పిన.”

“ఎందుకు?”

బాపురావు తన అరచేతులు చూసుకున్నాడు.

“అమ్మ పోయినంక వీణ్ని నేనే సాదిన. నేను చేనుకు పోతే చూసేటోళ్లు లేకుండె. తాళంచెవి నా జేబులనే ఉంటుండె.”

గీతిక రాసింది కొట్టేసి తర్వాతి ప్రశ్న అడిగింది. తిరుమలేష్ నోరు తెరవబోయి, అన్న ముఖం చూసి ఆగిపోయాడు.

బాపురావు లేచాడు. “నేను బయట ఉంట. ఏమున్నా చెప్పురా, నేనేం అనుకోను.”

గుమ్మం దాటి, తలుపు దగ్గరికి లాగబోయాడు.

“అన్నా,” అన్నాడు తిరుమలేష్ మెల్లగా. “తలుపు ఎయ్యకు.”