దిష్టిచుక్క

పొద్దున్నే పాలు కాచే వేళకి వంటింటి గోడ పలకరిస్తుంది. "సూరమ్మగారూ, ఇవాళ మీ సంతోషం పదికి ఎంతండీ?"

ఊళ్లో ప్రతి ఇంటినీ అలాగే అడుగుతుంది. ఎవరెంత చెబితే అంత వెలుగుతో వాళ్లింటి దీపం వీధి చివరి పెద్ద తెర మీద కనిపిస్తుంది.

సూరమ్మ ఏనాడూ నాలుగు దాటలేదు. "ఏదోనండి, అలా వెళ్లిపోతోంది" అంటుంది. బాగున్నామని పైకి అనేస్తే దిష్టి తగలదూ?

ఇవాళ పాలు పొంగిపోయాయి. అయిదో ఏడు వచ్చినా మాట పలకని మనవరాలు వెన్నెల పొయ్యి వైపు వేలు చూపించి, "అమ్మమ్మా, పాలు!" అని అరిచింది. పొయ్యి ఆర్పాలన్న సంగతే సూరమ్మకి తోచలేదు.

అప్పుడే గోడ అడిగింది.

"నాలుగేనండి, రోజూలాగే" అంది సూరమ్మ. మాట దాచింది గానీ గొంతు దాచలేకపోయింది.

గోడ అంది, "అలాగేనండి. నాలుగే అనుకుందాం."

అంతలో కూతురు పద్మిని వీధిలోంచి పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, తెర చూద్దువుగాని రా!"

వీధి వీధంతా తలలెత్తి నిలబడి ఉంది. సూరమ్మ ఇంటి దీపం కింద అంకె నాలుగే. వెలుగు మాత్రం చూడబోతే కళ్లు చెదిరిపోతున్నాయి. ఆ వెలుగుకి ఓ పక్కన, చంటిపిల్ల బుగ్గన కాటుకతో పెట్టినట్టు, చిన్న నల్లచుక్క.

సూరమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది.

"ఆ గోడకి నేను చెప్పలేదే!"