చేదుపీతా, తీపిపీతా?

మీరు చూసిన సముద్రాలన్నీ గుంటలేలే! అసలైన సముద్రం ఒడ్డున ఓ కొంగ పీతల్ని చూసి జాతులు తేల్చేది. “ఎర్రవి చేదుపీతలు, ముట్టను. తెల్లవి తీపిపీతలు, వదల్ను” అనేది.

గోరంత ఎర్రపీత ఒకటి ధీమాగా తిరిగేది. ఓ పొద్దున అది పాత డిప్ప విడిచేసి, తెల్లగా మెత్తగా బయటికొచ్చింది. ఎదురుగా కొంగ!

“కొంగమావా, నేనే! నిన్న చేదన్నావుగా!”

“పోవే! ఆ ఎర్రది అదిగో, అక్కడ పడుకునుంది” అంటూ కొంగ డిప్పని చూపించింది.

పీతకి బుర్ర తిరిగిపోయింది. నిజమే, ఎర్రగా ఉన్నది అదే. మరి తనెవరు?

“అదీ నేనే మావా! కొరికి చూడు. అది చేదైతే నేనూ చేదే.”

కొంగ కొరికింది. డిప్ప ముక్కుకి తగులుకుంది. అది విదిలించుకునేలోపు పీత బొరియలో దూరింది.

లోపల్నుంచి దిగులుగా అడిగింది, “మావా, ఇంతకీ చేదుగానే ఉన్నానా?”