ఆరో పాఠం, అడుగుల మోత

మూడో అంతస్తు మెట్ల మీద ఆమె ఆగింది. ఆగగానే చెవుల్లో చెల్లెలి గొంతు వినబడింది.

"...వినియోగదారుడు అభ్యంతరం తెలిపిన పదిహేను రోజుల్లోగా..."

కాలు కదిపింది. దబ్. చెల్లెలు మాయం.

దబ్, టప్. దబ్, టప్. కుడికాలు గట్టిగా, మోకాలు అరిగిన ఎడమకాలు మెల్లగా. పదిహేను రోజుల్లోగా ఏం చెయ్యాలో ఆ మోతలో కొట్టుకుపోయింది.

ఇళ్ళవాళ్ళకి ఆమె పేరు తెలియదు. కరెంటు మీటర్లు చూసుకుపోయే మనిషి కాబట్టి మీటరమ్మ. మెట్లెక్కడం, మెడ ఎత్తడం, అంకెలు రాసుకోవడం, మెట్లు దిగడం. ఇరవై రెండేళ్ళుగా ఇదే బతుకు.

వచ్చే ఆదివారం ఆఫీసు పరీక్ష. పాసైతే కుర్చీ పని. ఇప్పటికి రెండుసార్లు తప్పింది. ఇది మూడోది, ఆఖరిది. ఆ తర్వాత రాయనివ్వరు. తప్పిందా, రిటైరయ్యేదాకా ఇవే మెట్లు, ఇదే మోకాలు.

పుస్తకం పట్టుకుని కూర్చుంటే పది నిమిషాల్లో కునుకు ముంచుకొస్తుంది. ఒళ్ళు అంతగా హూనమై ఉంటుంది మరి. అందుకే చెల్లెలు ఉపాయం చెప్పింది. తను చదివి రికార్డు చేసి పంపుతుందట, అక్క నడుస్తూ వింటే చాలట.

చెల్లెలిది ఆస్పత్రి కౌంటర్లో ఉద్యోగం. రోజంతా రోగుల పేర్లు పిలవాలి. పిలిచి పిలిచి బొంగురుపోయిన ఆ గొంతుతోనే, పనిలో ఖాళీ దొరికినప్పుడల్లా రూల్సు పుస్తకం చదివి పంపేది. ఇయర్‌బడ్స్ కూడా తనే కొనిచ్చింది.

మొదటి రోజే ఒకటి జారి మెట్ల సందులో పడింది. దాన్ని వెతికి పట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ దెబ్బతో మీటరమ్మ డబ్బాలో ఉన్నవాటిలోకెల్లా పెద్ద రబ్బరు తొడుగులు వాటికి వేసి, సీసాకి బిరడా బిగించినట్టు చెవుల్లో బిగించేసింది.

ఊడిపోవడం ఆగింది. మోత మొదలైంది.

సౌండు పెంచితే తలనొప్పి. ఆగి ఆగి వింటే ఇళ్ళు మిగిలిపోతున్నాయి. నిన్న సూపర్‌వైజరు మర్యాదగానే అడిగాడు, ఈమధ్య మెట్ల మీద కునుకు తీస్తున్నారా అని.

ఇక లాభం లేదనుకుని, ఇయర్‌బడ్స్ బాగాలేవని పొద్దున చెల్లెలితో చెప్పి, మధ్యాహ్నం ఫోన్లు బాగుచేసే దుకాణానికి వెళ్ళింది. ఇవి పాడయ్యాయి, చూడమంది.

దుకాణదారు వాటిని విప్పనైనా విప్పలేదు. "చెవులు రెండూ వేళ్ళతో మూసుకుని నాలుగడుగులు వెయ్యండక్కా."

నలుగురిలో ఏమిటీ వేషాలు అనిపించింది. అయినా వేసింది.

దబ్, టప్.

"చూశారా? చప్పుడు వీటిది కాదు, మీ ఒంట్లోదే. చెవి బిగించేస్తే బయటికి పోలేక లోపలే మోగుతుంది."

ఇన్నాళ్ళూ తిట్టిపోసింది తన కాళ్ళనేనన్నమాట. ఆమెకు నవ్వూ వచ్చింది, నీరసమూ వచ్చింది.

అతను పెద్ద తొడుగులు పీకేసి చిన్నవి వేశాడు. లోపలికి కుక్కొద్దు, ఊరికే ఆనించండి అన్నాడు. అడుగు మెత్తగా ఉన్న చెప్పులు వేసుకుంటే ఇంకా నయమన్నాడు.

వీధిలోకి వచ్చి ఆరో పాఠం పెట్టింది. ఇదివరకు నాలుగుసార్లు విన్నదే.

అబ్బ, చెల్లెలు పక్కనే నడుస్తున్నట్టుంది. పదిహేను రోజుల్లోగా ఏం చెయ్యాలో ఇప్పటికి తెలిసింది. వీధి ఆ చివరిదాకా ఆగకుండా నడుస్తూనే వింది. ఎన్నాళ్ళకో ఆమెకు పాసవుతానేమో అనిపించింది.

పాఠం అయిపోయింది. పుస్తకం మూసిన చప్పుడు. రికార్డింగు మాత్రం నడుస్తూనే ఉంది, చెల్లెలు ఆపడం మరిచిపోయినట్టుంది. ఇంతకుముందు ఈ చోట ఆమెకు దబ్ దబ్ తప్ప మరేమీ వినబడలేదు.

దూరంగా ఎవరో ఆడమనిషి, తోటి ఉద్యోగి కాబోలు, మీ అక్క ఈసారైనా గట్టెక్కుతుందా అని అడిగింది.

చెల్లెలు నీళ్ళు తాగింది. గుటక కూడా వినబడింది.

"ఎక్కడ గట్టెక్కుతుంది. పొద్దున విన్నది సాయంత్రం అడిగితే ఒక్క ముక్క గుర్తుండదు తనకి."

"మరి రోజూ తిండి మానేసి ఎందుకే ఈ గొంతు చించుకోవడం?"

"చదవడం ఆపేస్తే, ఇక నీకు రాదులే అని చెప్పినట్టేగా. ఆ మాట మా అక్కతో నేను అనలేను."

ఆ తర్వాత ఎవరో రోగి పేరు పిలిచింది, అదే బొంగురు గొంతుతో. రికార్డింగు ఆగిపోయింది.

మీటరమ్మ ఒక ఇంటి గోడకి చేరగిలబడింది. కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. తనదీ చెల్లెలిదీ కలిపి ఇద్దరి అలసటా ఒక్కసారే మీద పడింది.

మిగిలిన ఇళ్ళు పూర్తి చేసింది. ఎక్కడా ఆగలేదు, ఏమీ వినలేదు.

సాయంత్రం చెల్లెలు వేడినీళ్ళ సంచి తెచ్చి అక్క మోకాలి మీద పెట్టింది. దుకాణానికి వెళ్ళావా, ఇయర్‌బడ్స్ బాగయ్యాయా అని అడిగింది.

"బాగవలేదే. అడుగు వేస్తే చాలు, దబ్ దబ్. నువ్వు చదివేది ఒక్క ముక్క వినబడితే ఒట్టు."

చెల్లెలి ముఖం తేటపడింది. "అదీ సంగతి. వినబడకపోతే ఎలా గుర్తుంటుంది? నేనేమో..." అని ఆగిపోయింది. ఆరోది మళ్ళీ చదవనా అంది.

"వద్దు. రేపు ఏడోది చదువు," అంది మీటరమ్మ. "తిన్నాక."

తిండి మానేస్తున్నానని చెల్లెలు అక్కకి ఎన్నడూ చెప్పలేదు. వేడినీళ్ళ సంచి మీద ఆమె చెయ్యి ఆగిపోయింది.