దుప్పట్ల మెయిళ్లు

"వేలమందికి పంపాం. కొన్నదెవరు?" అన్నాడు యజమాని.

"ఎవరూ కొనలేదండీ" అంది ఆమె, తనే తప్పు చేసినట్టు.

ఆ మెయిలు ఆమె రాసింది కాదు. ఆ దుప్పట్ల కంపెనీలో ప్రకటనల మెయిళ్లు రాసే పనిలో చేరి వారం కూడా కాలేదు. ఏడాది చివరి సెలవులకు పంపాల్సిన మెయిళ్లన్నీ ఇదివరకటావిడ ముందుగానే రాసి, ఏది ఏ రోజు వెళ్లాలో కంప్యూటర్లో తేదీలు పెట్టేసి, ఉద్యోగం మానేసింది. ఎవరూ ముట్టుకోకపోయినా అవి వాటంతటవే వెళ్తున్నాయి.

"మాటా పలుకూ లేకుండా మానేసిందండీ. ఫోన్ చేస్తే ఎత్తదు. పోటీవాడెవడో జీతం పెంచి ఎగరేసుకుపోయుంటాడు" అన్నాడు యజమాని. "చూడండి రచయిత్రిగారూ, దుప్పట్లు చలికాలంలోనే అమ్ముకోవాలి. ఎండాకాలంలో అమ్మితే పిచ్చోళ్లంటారు. ఈ సెలవులు గట్టెక్కిస్తే ఉద్యోగం మీది. లేదంటే మీకూ నాకూ శాశ్వతంగా సెలవులే."

ఆమెకు ఆ ఉద్యోగం చచ్చేంత అవసరం. కూతుర్ని వెంటబెట్టుకుని అన్నయ్య ఇంట్లో ఉంటోంది. తల్లీకూతుళ్ల పడక హాల్లో సోఫా మీద. వదిన పల్లెత్తు మాట అనదు. అనాల్సినవన్నీ వంటింట్లో గిన్నెలే అంటాయి. ఉద్యోగం ఖాయమైతే ఒక్క గదైనా సరే, అద్దెకు తీసుకుని వెళ్లిపోవాలని ఆమె ఆశ.

పాత మెయిళ్లు తెరిచి చదివి తల పట్టుకుంది. "త్వరపడండి" లేదు. "సగం ధరకే" లేదు. ధర ఎక్కడో అట్టడుగున సిగ్గుపడుతూ నిలబడింది.

"చలి ముదిరింది. పడుకోబోయే ముందు కిటికీ మూశారా? బీరువా పై అరలో మందపాటి దుప్పటి ఉండే ఉంటుంది. ఎండలో దులిపి కప్పుకోండి" అని ఒకటి.

"సెలవు రోజు కదా అని పొద్దెక్కేదాకా పడుకోకండి. లేచి స్నానం చేయండి. వేడిగా ఏదైనా తినండి. నలుగురిలోకి వెళ్లండి" అని ఇంకొకటి.

యజమాని ఆమె భుజం మీంచి తొంగి చూశాడు. "ఉన్నదే కప్పుకోమంటే కొత్తది ఎవడు కొంటాడు? ఇది వ్యాపారమా, ధర్మసత్రమా?"

ఆ మధ్యాహ్నమే ఆమె కంట ఒక వింత పడింది. ఏ మెయిలును ఎవరు ఎన్నిసార్లు తెరిచారో కంప్యూటర్ చెబుతుంది. తెరిచినవాళ్లంతా తెరిచినట్టే మూసేశారు. ఒక్కడు మాత్రం ప్రతి మెయిలూ తెరిచాడు. తెరిచినదే మళ్లీ మళ్లీ తెరిచాడు. వారం కిందటివి కూడా వదల్లేదు. కొన్నది మాత్రం సున్నా.

"ఈయనెవరో కొనాలా వద్దా అని గింజుకుంటున్నాడండీ!" అంది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"అయితే పట్టుకోండి. వీణ్ణి కదిపే మాటేదో దొరికితే అందరినీ కదపొచ్చు."

ఇంటికెళ్లి ఆ మాటే వదినతో చెప్పింది. "ఒకాయన దొరికాడు వదినా."

"ఒక్కడితో ఏమవుతుందమ్మా?"

"ఒక్కడు కొంటే దారి తెలుస్తుంది."

"సరేలే, ఆ ఒక్కడి పేరు చెప్పుకుని నాలుగు రోజులు ధైర్యంగా ఉండు" అంది వదిన. ఆ పూట గిన్నెలు కూడా ఊరుకున్నాయి.

సెలవులు ముగిసేదాకా వెళ్లాల్సిన పాత మెయిళ్లు ఇంకా చాలానే వరసలో ఉన్నాయి. ఆమె వాటిని చదవను కూడా చదవలేదు. అన్నీ తీసిపారేసింది. మళ్లీ ఎక్కడ పొరపాటున వెళ్తాయోనని యజమాని దగ్గరుండి ఆనవాలు లేకుండా తుడిచేయించాడు.

కొత్తవి రాయడానికి కూర్చుని తనకు తెలిసిన విద్యలన్నీ చూపించింది. శీర్షికలోనే మనిషిని పేరు పెట్టి పిలిచింది. అడుగున గడియారం పెట్టి, సెకన్లు తరిగిపోతుంటే గుండెలు దడదడలాడేలా చేసింది. రెండు దుప్పట్లు కొంటే దిండు ఉచితం అంది.

మెయిలు వెళ్లింది. ఆ మనిషి వెంటనే తెరిచాడు. ఒక్కసారి చూశాడు, అంతే. మర్నాడు పంపింది తెరవనే లేదు. ఆ తర్వాతదీ అంతే. మిగతా జనం సంగతి సరేసరి. ఒక్క దిండూ కదల్లేదు.

"ఉన్న ఒక్కణ్ణీ తరిమేశారు" అన్నాడు యజమాని. ఆయన గొంతులో కోపం కూడా మిగల్లేదు. "రేపటితో తేల్చేద్దాం."

ఆమె ఆగలేకపోయింది. ఆ మనిషి పేరు పక్కనున్న నంబరుకు ఫోన్ చేసింది.

"నమస్కారమండీ, దుప్పట్ల కంపెనీ నుంచి. మా మెయిళ్లు మీరు ఇష్టంగా చదివేవారు. ఎందుకు మానేశారో కనుక్కుందామని..."

"ఇప్పుడొచ్చేవి నువ్వు రాస్తున్నావా అమ్మా?" వయసు మళ్లిన గొంతు.

"అవునండీ. నచ్చకపోతే మార్చేస్తాను. ఏం కావాలో చెప్పండి, అలాగే రాస్తాను. నా ఉద్యోగం దీని మీదే ఉందండీ" అనకూడదనుకుంటూనే అనేసింది.

"నీ రాతకేం లోటు లేదమ్మా. పాతవి ఇంకా ఉన్నాయా? సెలవులు అయిపోయేదాకా వస్తాయనుకున్నాను."

"తీసేశామండీ."

"ఎక్కడా లేవా? ఒక్కటైనా?"

"లేవండీ. కానీ అలాంటివే కావాలంటే నేను రాస్తాను. అదేమంత కష్టం కాదు."

"నీ వల్ల కాదులేమ్మా" అన్నాడాయన మెల్లిగా. "అవి మా ఆవిడ ఆస్పత్రిలో చేరబోయే ముందు మీ ఆఫీసు కుర్చీలోనే కూర్చుని, తను పోయాక నేనొక్కణ్ణీ ఎలా బతకాలో నాకు రాసిపెట్టిన మెయిళ్లమ్మా."